గిరిజన గ్రామములలో అంగవికలుర సేవ ఎట్లుండవలెను?



మన తిరువూరు మీదుగా పోవు జాతీయ రహదారిని మీరందఱును ఎఱుగుదురు. దాని యొక కొస విజయవాడ చెంత కృష్ణానదిని సమీపించును. రెండవ వైపున అది కొత్తగూడెము, భద్రాచలము, చింతూరు మీదుగా బస్తరు అడవులలోనికి పోవును. దక్షిణమునకు పోయినవారికి పెద్ద ఆస్పత్రులును, నిపుణులైన డాక్టర్లును కనబడుదురు. ఉత్తరమునకు పోయినవారికి కోయగూడెములును, కొండరెడ్ల పల్లెలును కనబడును. ఈ రెంటికిని నడుమ మన చుట్టుప్రక్కలనే లంబాడీ తండాలు పెక్కులు గలవు. ఆ గూడెములలోను తండాలలోను నడువలేనివారు, చూడలేనివారు, వినలేనివారు, బుద్ధి వికాసము మందగించిన బాలబాలికలు కలరు. వారికి ఎంత సొమ్ము ఇయ్యవలెనని పెద్దలు తఱచుగా చర్చించుచుందురు. ఆ సాయము ఏ రూపమున, ఎవరి చేతి మీదుగా, ఏ భాషలో అందవలెనను ప్రశ్న అంతగా చర్చకు రాదు. ఈ వ్యాసమున ఆ రెండవ ప్రశ్ననే విచారింతము.

మొదట చట్టము చేసిన మేలును చెప్పుట న్యాయము. 1995వ సంవత్సరపు చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తించెను. దాని స్థానమున వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి, 2017 ఏప్రిల్‌ 19వ తేదీన అమలులోనికి వచ్చెను. ఇది 21 విధముల వైకల్యములను గుర్తించినది. సికిల్‌ సెల్‌, తలసేమియా వంటి రక్తవ్యాధులు కూడ అందు చేరినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది అంగవికలురు ఉండిరి. వారిలో 1 కోటి 86 లక్షల మంది పల్లెవాసులే. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నెల నుండి అంగవికలుర పింఛను నెలకు 6,000 రూపాయలైనది. పూర్తిగా మంచము పట్టినవారికి 15,000 రూపాయలు. తెలంగాణమున 2023లో ఆ పింఛనును 4,016 రూపాయలకు పెంచిరి. ఇవి చిన్న మొత్తములు కావు. కూలి మీద బ్రదుకు కుటుంబమునకు ఇది గొప్ప ఆధారము.

కాని పింఛను పొందుటకు సదరం శిబిరమునకు పోవలెను. అచ్చట డాక్టర్లు పరీక్షించి వైకల్యము నూటికి ఎంతయో నిర్ణయింతురు. అది 40 శాతమునకు తగ్గినచో పింఛను లేదు. పట్టణవాసికి ఈ ప్రయాణము ఒక పూట పని. కొండకొమ్ము మీది పల్లెలో నడుము పడిపోయిన మనుష్యునికి అదెట్లుండునో ఆలోచింపుడు. బండి వచ్చు బాట వఱకు అతనిని డోలీలో మోయవలెను. మోయుటకు నలుగురు కావలెను. ఆ నలుగురికి ఆ దినపు పని పోవును. తీఱ పోయిన పిమ్మట అచ్చటివారు అడుగు ప్రశ్నలు తెలుగున ఉండును; అతడు కోయభాషలో గాని, కువి భాషలో గాని బదులు చెప్పును. ప్రశ్న సరిగా తెలియక చెప్పిన సమాధానము కాగితము మీదికెక్కిన పిమ్మట దానిని దిద్దించుటకు మఱల డోలీ కట్టవలెను. కావున హక్కు పుస్తకమున ఉన్నను, అది మనుష్యుని యింటికి చేరు దారి సరిగా లేనిచో నిష్ఫలమగును.

సేవకు తగిన రూపము ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు జయపురపు పాదము చక్కని నిదర్శనము. 1960 తరువాతి దశాబ్దమున కాలు పోయినవారికి మన దేశమున అమర్చుచుండిన కృత్రిమ పాదములు పాశ్చాత్య దేశముల నమూనాలు. వాటికి బూటు తొడుగవలెను. వాటితో గొంతుకు కూర్చుండుట గాని, బాసిపట్టు వేసికొనుట గాని, బురదమడిలో దిగుట గాని సాధ్యము కాదు. ఆ పాదములను పుచ్చుకొనిన రైతులు పెక్కుమంది వాటిని మూల పడవైచి మఱల కఱ్ఱలనే ఊతగా గొనిరి. జయపురపు ఆస్పత్రిలో డాక్టరు ప్రమోద్‌ కరణ్‌ సేథీ గారును, పెద్ద చదువులు లేని రామచంద్రశర్మ అను శిల్పియు కలసి ఆ దశాబ్దపు చివరి సంవత్సరములలో రబ్బరుతో వేఱొక పాదమును తయారు చేసిరి. అది చూచుటకు మనుష్యపాదమువలె ఉండును. దానికి బూటు అక్కఱలేదు. దానితో నేల మీద కూర్చుండవచ్చును, పొలము దున్నవచ్చును, చెట్టు కూడ ఎక్కవచ్చును. 1975లో స్థాపింపబడిన భగవాన్‌ మహావీర్‌ వికలాంగ సహాయతా సమితి ఆ పాదమును లక్షల మందికి ఉచితముగా అందించెను. డాక్టరు సేథీ గారికి 1981లో రామన్‌ మాగసేసే బహుమానము లభించెను. పాత పాదము చెడ్డది కాదు. అది వేఱొక జీవితమునకు తగినది. ఆ శిల్పియు ఆ వైద్యుడును రోగి యెట్లు కూర్చుండునో, ఎచ్చట నడుచునో చూచిన పిమ్మటనే పనికి పూనుకొనిరి. ఇదియే మన వ్యాసమునకు మూలసూత్రము. సేవ చేయువాడు తాను తెచ్చిన వస్తువును ఇచ్చుటకు ముందు, పుచ్చుకొనువాని జీవితమును చూడవలెను.

ఈ సూత్రమును గిరిజన గ్రామములకు అన్వయించినచో మొదట చూడవలసినది భాష. ఈ విషయమున మన తెలుగు ఉపాధ్యాయులలోనే మహనీయుడొకడు దారి చూపెను. గిడుగు వేంకట రామమూర్తి గారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, సమీపపు కొండలలోని సవరల భాషను నేర్చుకొనిరి. సవరభాష తెలిసిన మనుష్యుని తమ యింటనే ఉంచుకొని అభ్యసించిరి. సవర బాలురకు బడులు పెట్టి, వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. 1931లో వారి సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును అచ్చుపడినవి. ఆ కొండలలో తిరుగుటచే వారికి చలిజ్వరము పట్టుకొనెను. దానికై పుచ్చుకొనిన క్వినైను వలన వినికిడి పోయెను. ఒక జాతి మాటలను శ్రద్ధతో ఆలకించుటకు పోయినవారు తమ చెవులనే కోల్పోయిరి. అయినను పనిని మానలేదు. రామమూర్తి గారు వ్యావహారిక భాషకు పట్టుకొమ్మ గనుక, ఈ వ్యాసపు గ్రాంథికమును చూచినచో బహుశః మందలించియుందురు. ఎదుటివానికి తెలియు మాటలోనే విద్య చెప్పవలెనను వారి బోధ మాత్రము వైద్యమునకును, సేవకును సమముగా వర్తించును. వినికిడి యంత్రము బాలుని చెవిలో పెట్టిన మాత్రమున చాలదు. దానిని ఎప్పుడు తీయవలెను, తడి తగులకుండ ఎట్లు దాచవలెను, బ్యాటరీ అయిపోయినచో ఏమి చేయవలెను అనునవి తల్లికి, అవ్వకు వారి భాషలో చెప్పవలెను. అట్లు చెప్పనిచో అది రెండు నెలలలో పెట్టెలోని వస్తువగును.

భాష తెలిసినవాడు ఎచ్చట దొరకునని అడుగవచ్చును. ఆ జనములోనే దొరకును. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామమున, నిజాము ప్రభుత్వ కాలమున, హైమెండార్ఫ్‌ అను మానవశాస్త్రవేత్త ప్రోద్బలముతో గోండులకు బడి పెట్టబడెను. అచ్చట గోండీ భాషలో వాచకములు సిద్ధపఱచి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేసిరి. వెలుపలివాడు వచ్చి ఉద్యోగకాలము ముగిసినంతనే వెళ్లిపోవును; లోపలివాడు నేర్చినది ఊరిలోనే నిలుచును. అంగవికలుర సేవయందును లోకము క్రమముగా ఈ మార్గమునకే వచ్చినది. 1978లో ఆల్మా ఆటా నగరమున ప్రాథమిక వైద్యమును గుఱించి జరిగిన ప్రపంచ మహాసభ పిమ్మట, ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘సమాజమే ఆధారముగా పునరావాసము’ అను పద్ధతిని ప్రచారము చేసెను. పెద్ద ఆస్పత్రిలోని నిపుణుడు చేయు పనిలో కొంత భాగమును గ్రామములోని మనుష్యునికి నేర్పి, ఇంటివారి చేతనే చేయించుట దీని సారము. 1987లో డేవిడ్‌ వెర్నర్‌ అను నాతడు మెక్సికో దేశపు కొండపల్లెల అనుభవముతో వ్రాసిన గ్రంథమున, చుట్టుప్రక్కల దొరకు కఱ్ఱతోను, వెదురుతోను సాధనములు చేసికొను విధమును బొమ్మలతో చూపెను. మన గోదావరి కొండలలో కొండరెడ్లు వెదురు పనియందు ఆఱితేఱినవారు. నడక అభ్యసించు పిల్లవానికి పట్టుకొనుటకు ఇంటి ముంగిట రెండు వెదురు దండెములు పాతుట వారికి ఒక పూట పని. పట్టణము నుండి వచ్చిన చక్రాల కుర్చీ ఱాళ్లబాటలో కదలదు. ఆ దండెములు మాత్రము ప్రతి దినము పనికివచ్చును.

రెండవది, వైకల్యమును గూర్చి ఆ జనులకు గల భావము. మనము ‘వికలాంగుడు’ అనియు, ‘దివ్యాంగుడు’ అనియు, ‘విభిన్న ప్రతిభావంతుడు’ అనియు పేర్లు మార్చుచుంటిమి. ఆస్ట్రేలియా ఆదిమవాసుల భాషలు అనేకములందు ఈ అర్థమిచ్చు ఒక్క పదమే లేదని వారిలోని వికలాంగుల సంఘములే చెప్పుచున్నవి. ఆ మనుష్యుడు వారికి ఒకరి తమ్ముడు, ఒకరి మేనమామ. ఆ చుట్టరికమే అతని పేరు. మన గూడెములలోను ఇట్టి గుణము కొంత గలదు. కనులు లేని ముసలమ్మ ఇంట చంటిబిడ్డను చూచుకొనును; మాటలు రాని యువకుడు మేకలను కాచును. వారు పనిలేనివారు కారు. అట్టివారిని దూరపు ఆశ్రమమున చేర్చి తిండి పెట్టుట వలన తిండి మాత్రము దొరకును, స్థానము పోవును. కావున గూడెమున అడుగు పెట్టిన సేవకుడు ‘ఇతనికి ఏమి లోపము?’ అని కాక, ‘ఇతడు ఏ పని చేయుచున్నాడు? ఏ పని చేయగోరుచున్నాడు?’ అని మొదట విచారింపవలెను. మేకలను కాయు యువకునికి కావలసినది ఊతకఱ్ఱ కొనకు జాఱని రబ్బరు తొడుగు కావచ్చును. అది పది రూపాయల వస్తువైనను అతని జీవనము దాని మీద ఆధారపడియుండును.

మూడవది, పెద్దలును కాలమును. గూడెమునకు పోయినవాడు కులపెద్దకు చెప్పకయు, పూజారిని పలుకరింపకయు నేరుగా ఇంటిలో చొఱబడినచో తలుపులు మూయబడును. మధ్య ఆస్ట్రేలియాలో మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల యెడారిలో పనిచేయు ఎన్‌.పి.వై. స్త్రీల మండలి 1980లో ఆదిమవాసి స్త్రీలే స్థాపించుకొనినది. అది అంగవికలురకు సేవ చేయుచు, తమ జాతి వైద్యులైన ‘నంగకారీ’లను కూడ పనిలో పెట్టుకొని, వారిని ఆస్పత్రులకు సైతము పంపును. డాక్టరు చేయు పనిని వారు అడ్డగింపరు. రోగి మనస్సునకు ధైర్యము చెప్పుదురు. మన నాటువైద్యులను, పూజారులను ఇట్లు కలుపుకొనినచో, పక్షవాతము వచ్చిన మనుష్యుని వారు దాచిపెట్టక ముందుగనే ఆస్పత్రికి పంపుదురు. ఇక కాలము సంగతి. ఎండకాలమున ఇప్పపూవు ఏరుటకును, తునికాకు కోయుటకును తెల్లవాఱకముందే ఇల్లు ఖాళీయగును. ఆ దినములలో పగటిపూట శిబిరము పెట్టి, ‘జనము రాలేదు, వారికి శ్రద్ధ లేదు’ అని వ్రాసికొనుట అన్యాయము. వారపు సంతకు చుట్టుప్రక్కల గూడెములన్నియు దిగివచ్చును. శిబిరమునకు అంతకంటె మంచి దినమేది?

ఈ మూడును కలసినప్పుడు ఏమగునో, కలియనిచో ఏమగునో పుట్టువంకర పాదము గల శిశువు విషయమున స్పష్టముగా కనబడును. పాదము లోపలికి తిరిగి పుట్టిన బిడ్డకు పొన్సేటి అను వైద్యుని పద్ధతిని వారమునకొక పర్యాయము పట్టీ మార్చుచు అయిదాఱు వారములలో పాదమును సరిచేయవచ్చును. తఱచుగా మడమ నరమునకు చిన్న గాటు కూడ పెట్టుదురు. పిమ్మట మూడు నెలలు రేయింబవళ్లును, ఆ తరువాత నాలుగేండ్లు వచ్చువఱకు రాత్రివేళల మాత్రమును, ప్రత్యేకమైన జోళ్లు తొడుగవలెను. పట్టీల పని ఆస్పత్రిది. జోళ్ల పని ఇంటిది. బిడ్డ యేడ్చుచున్నదని అవ్వ జాలిపడి జోళ్లు విప్పినచో పాదము మఱల తిరుగును. ‘అవ్వా, ఈ ఏడుపు నాలుగు దినములే, విప్పినచో జీవితకాలము కుంటవలసి వచ్చును’ అని ఆమె భాషలో, ఆమె ఎదుట కూర్చుండి చెప్పగలవాడు కావలెను. అతడు లేనిచో మంచి డాక్టరు చేసిన మంచి పని కూడ వ్యర్థమగును.

సికిల్‌ సెల్‌ వ్యాధి ఇంకను సున్నితమైనది. ఇది గిరిజన జాతులలో అధికముగా కనబడు పుట్టువ్యాధి. ఎఱ్ఱని రక్తకణము కొడవలి యాకారమునకు మాఱి సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. భరింపరాని నొప్పులు వచ్చును. కొందఱికి తుంటి ఎముక చెడి కుంటితనము కలుగును. కొందఱికి పక్షవాతము వచ్చును. 2023 జూలై 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించు ఉద్యమమును ప్రారంభించి, ఏడు కోట్ల మందికి పరీక్ష చేయ సంకల్పించెను. తల్లిదండ్రులిద్దఱికిని ఈ లక్షణము లోలోపల ఉన్నచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. కావున పెండ్లికి ముందు తెలిసికొనుట మేలు. కాని మేనరికములు వాడుకలో నున్న ఊరిలో, ఒక పిల్లకు లక్షణము గలదని నలుగురిలో చదివినచో ఆ పిల్లకు పెండ్లి నిలిచిపోవును. ఆమె ఆరోగ్యముతో ఉన్నను వ్యాధిగ్రస్తురాలని ఎంచబడును. ఫలితమును ఇంటిలో కూర్చుండి, రహస్యముగా, లక్షణము వేఱు వ్యాధి వేఱు అని విడమఱచి చెప్పవలెను. పరీక్ష జరిగిన తీరు చెడ్డదైనచో, మఱుసటి సంవత్సరము ఎవరును రక్తమియ్యరు.

దూరపు కొండల సంగతి మాత్రమే యని మీరు తలంపవలదు. మన పొరుగున ఏ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్న సంగతి మీకు తెలియును. చట్టపు పట్టికలోని 21 వైకల్యములలో ఇది చేరకున్నను, దీని బాధ అదే విధమైనది. యంత్రముతో రక్తశుద్ధి చేయించుకొనువాడు వారమునకు రెండు మూడు పర్యాయములు, ప్రతి పర్యాయము సుమారు నాలుగు గంటలు కూర్చుండవలెను. వెంట ఒకరు పోవలెను. ఆ యిద్దఱి కూలియు పోవును. అట్టివారికి చికిత్స యుచితమైనను, దారి ఉచితము కాదు. లంబాడీ భాష మాటలాడు ముసలివారికి ఏ నీరు త్రాగవలెను, ఎంత త్రాగవలెను, ఏ నొప్పిమాత్రలు మ్రింగరాదు అనునవి తెలుగు కరపత్రము వలన తెలియవు. తండాలో పుట్టి చదివిన మనుమడు చెప్పినచో తెలియును.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. జనుల ఆచారములన్నిటిని తలవంచి ఒప్పుకొనవలెనా? వలదు. మూర్ఛ వచ్చిన పిల్లకు ఒంటి మీద వాతలు పెట్టుట, బుద్ధిమాంద్యము గల పిల్లవానిని గుంజకు కట్టివైచుట ఎవరి ఆచారమైనను హానికరమే. ఇట్టివి పట్టణములందును జరుగుచున్నవి. వాటిని మాన్పవలెను, కాని గౌరవము సంపాదించినవాడు చెప్పిన మాటనే జనము వినును. ఇంటింటికి పోవు సేవకు ఖర్చెక్కువ కాదా యనునది రెండవ ఆక్షేపణ. ఆంధ్రప్రదేశమున నేడు ప్రతి నెల మొదటి తేదీన సచివాలయ సిబ్బంది పింఛనును ఇంటి గడపకే తెచ్చి యిచ్చుచున్నారు. రూపాయలు గడపకు రాగలిగినప్పుడు, బిగిసిన కాలును చాపించు వ్యాయామమును నేర్పు మనుష్యుడు నెలకొకమారైనను ఏల రాకూడదు? మండలమునందలి భవిత కేంద్రముల ఉపాధ్యాయులు బడికి రాలేని పిల్లల యిండ్లకు పోయి నేర్పు ఏర్పాటు ఇదివఱకే కలదు. ఆ పనికి తండా భాష, గూడెపు భాష తెలిసినవారిని చేర్చి, దారి ఖర్చులిచ్చినచో కొత్తగా కట్టవలసిన మేడలు లేవు.

విద్యార్థులారా, ఈ పనిలో మీకు భాగము గలదు. మీలో కొందఱు తండాల నుండి వచ్చినవారు. ఇంటిలో మాటలాడు భాషను బడిలో దాచుకొనవలసిన లోపముగా భావింపకుడు. ఫిజియోథెరపీ అను వ్యాయామ చికిత్సను గాని, దాది విద్యను గాని, ప్రత్యేక బాలల ఉపాధ్యాయ శిక్షణను గాని మీరు చదివినచో, ఆ భాష మీ సర్టిఫికెట్టునకు సమానమైన ఆస్తియగును. తక్కినవారును ఇప్పుడే చేయదగిన పనులు గలవు. మీ వీథిలోనో, మీ ఊరిలోనో బడికి రాక ఇంటనే ఉండిపోయిన పిల్లవాడున్నచో, మొదట పోయి అతనితో మాటలాడుడు. అతడు ఏమి చేయగోరుచున్నాడో అడుగుడు. తల్లిదండ్రులు సమ్మతించినచో అతని పేరును మండలపు భవిత కేంద్రమునకు తెలుపుడు. సదరం కాగితము చదువలేని పెద్దలకు దానిని చదివి, వారి మాటలలో అర్థము చెప్పుడు. శిబిరమునకు పోవు దినమున వారికి తోడు పొండు. సెలవులలో ఊరికి పోయినప్పుడు ఈ పనిని మఱువవలదు.